ఒకటి పాయింట్ ఐదు

పిట్టలవానిపాలెం బడిలో నలభై ఒక్కమంది పిల్లలు లెక్క చేస్తే ముప్ఫై నాలుగు మంది ఒకే తప్పు చేశారని తెర మీద చూసినప్పుడు నేను ముందు అనుమానించింది నా ప్రోగ్రామునే. పిల్లలు తప్పు చేస్తే తలా ఒక రకంగా చేస్తారు. అంతమంది కట్టగట్టుకుని ఒకే చోట పడ్డారంటే అక్కడ గొయ్యి తవ్వింది నేనే అయ్యుండాలి. రెండు రోజులు కూర్చుని ప్రోగ్రామంతా మొదట్నుంచి చివరిదాకా గాలించాను. ఎక్కడా ఏమీ దొరకలేదు.

ప్రశ్న చూస్తే చాలా చిన్నది. 1.5, 1.25, ఈ రెండిట్లో ఏది పెద్దది? ముప్ఫై నాలుగు మందీ 1.25 మీద వేలు పెట్టారు.

అది వరికోతల కాలం. తెనాలి కొత్తపేటలో ఒక మందుల షాపు పైగదిలో ముగ్గురం కూర్చుని, నాలుగు నుంచి ఆరో తరగతి దాకా పిల్లలు ట్యాబ్‌లో లెక్కలు నేర్చుకుని సాధన చేసుకునే యాప్ తయారుచేస్తున్నాం. మా ముగ్గురికీ పెద్ద కిరీటి. పెట్టుబడి అతనిదే, తొందరా అతనిదే. ఎనిమిది బడులు ఫిబ్రవరి నెలాఖరు దాకా వాడి చూస్తామన్నాయి. పిల్లలు మెరుగయ్యారని చూపిస్తే వచ్చే ఏడు ఆ ఎనిమిదీ నలభై అవుతాయి, చూపించలేకపోతే గది ఖాళీ చేసి ఎవరి దారిన వాళ్లం పోవాలి. ఈ మాట కిరీటి పూటకొకసారి చెప్పేవాడు. అతను చెప్పకపోయినా నాది కాలు ఒకచోట నిలిచే రకం కాదు.

అందులో నా వంతు పని తప్పులు. తప్పు జవాబుకి ఇంటూ గుర్తు వెయ్యడం ఎవరైనా చేస్తారు. పిల్లాడు చేసింది తొందరలో చేసిన పొరపాటా, లేక వాడు నిజంగానే అలా అనుకుంటున్నాడా అన్నది తేల్చడమే కష్టం. అందుకని ప్రతి తప్పు వెనకా మరో రెండు ప్రశ్నలు పెట్టాను. పొరపాటైతే రెండోసారికి సర్దుకుంటాడు. అనుకోవడమే అలా అనుకుంటుంటే మూడుసార్లూ అదే తప్పు చేస్తాడు, పైగా ధీమాగా చేస్తాడు. పిట్టలవానిపాలెం పిల్లలు మూడుసార్లూ ధీమాగానే చేశారు.

ఇక లాభం లేదని బాపట్ల రైలెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో ఆ బడికి వెళ్లాను. లెక్కల టీచరు పుష్పలత గారు నా గోడంతా విని, చాక్‌పీసు తీసుకుని పిల్లల వైపు తిరిగారు. ఎకరం ఐదు సెంట్లు ఎలా రాస్తారో పలకల మీద రాసి చూపించమన్నారు. ముప్ఫై పలకలు పైకి లేచాయి. అన్నిటి మీదా 1.5 అనే ఉంది. ఎకరం పాతిక సెంట్లు రాయమన్నారు. అందరూ 1.25 అని రాశారు.

"చూశారుగా మేడమ్. ఇక్కడ పిల్లలకి పాయింట్ అంటే ఎకరాలకీ సెంట్లకీ మధ్య పెట్టే చుక్క. ఐదు సెంట్ల కంటే పాతిక సెంట్లు పెద్దదే కదండి" అన్నారు ఆవిడ. "వాళ్లకి లెక్క రాక కాదు. ఇంటి దగ్గర లెక్క మరీ బాగా వచ్చి."

నాకు సిగ్గేసింది. ఎకరానికి వంద సెంట్లన్న సంగతి ఊరుగాని ఊరి నుంచి వచ్చినవాళ్లకి తెలియకపోతే తప్పు లేదు. మా పొలం ఆ బడికి మూడు కిలోమీటర్లు కూడా ఉండదు. నా చిన్నప్పటినుంచీ మా ఇంట్లో ఎకరాలు, సెంట్లు తప్ప వేరే భాగాల ఊసే లేదు. అయినా ఆ ప్రశ్న తయారుచేసేటప్పుడు నా బుర్రకి తట్టలేదు.

వచ్చినదాన్ని ఎలాగూ వచ్చానని పొలం వెళ్లాను. నాన్న గట్టు మీద నిలబడి కోత కోయిస్తున్నాడు. మా నాన్న వెంకట్రామయ్యకి తెనాలిలో ఎరువుల కొట్టుంది, కానీ కోతలప్పుడు ఆయన ప్రాణమంతా ఇక్కడే ఉంటుంది. వరి కొయ్యకముందే చేలో మినుములు చల్లాడు. అవి అప్పుడే రెండాకుల మీదున్నాయి. మిషన్ దింపితే మొలక నలిగిపోతుందని ఊరంతా నవ్వుతున్నా కూలీలను పెట్టి కొడవళ్లతోనే కోయిస్తున్నాడు. సముద్రం మీద వాయుగుండం ఉందని రేడియోలో చెప్పినప్పటినుంచీ ఆయనకీ కాలు నిలవడం లేదు. ఆ గుణం నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

బడిలో సంగతి నవ్వుతూ చెప్పాను. ముప్ఫై పలకల గురించి, చుక్క గురించి, అంతా. నాన్న విన్నాడు. మబ్బు వైపు చూసి, వాన వచ్చేలోపు కట్టలు కట్టెయ్యాలన్నాడు.

ఆ తర్వాత మూడు వారాలు ఆ పాఠం తప్ప నాకు వేరే లోకం లేదు. తెర మీద ఒక పొలం గీశాను. తూర్పున కాలవ, పక్కపక్కనే రెండెకరాలు, మధ్యలో వేలితో జరపగలిగే గట్టు. 1.5 దగ్గరికి గట్టు జరపమంటే పిల్లాడు మొదటి ఎకరం దాటి వెంట్రుకవాసి దూరంలో ఆపుతాడు. తప్పని చెప్పకూడదు. రెండో ఎకరాన్ని ముందు పది చెక్కలు చెయ్యమంటాం. పాయింట్ పక్కనున్న ఐదు ఆ చెక్కల లెక్క, సెంట్ల లెక్క కాదు. ఐదు చెక్కలు దాటితే సగం ఎకరం వచ్చేసింది. ఐదు సెంట్లే కావాలంటే ఒక చెక్కని మళ్లీ పది చెయ్యాలి, అందుకే ముందు సున్నా రాయాలి. ఇదంతా మాటల్లో చెబితే పిల్లలు ఆవులిస్తారు. గట్టు చేత్తో జరిపితే వాళ్లకే తెలుస్తుంది. కిరీటి చూసి, బాగుందిగానీ త్వరగా కానివ్వమన్నాడు.

జనవరి రెండో వారంలో నాన్న బీరువాలోంచి ఒక పాత కాగితం తీసి, ఫోన్‌లో ఫొటో తీసి బాపట్లలో దస్తావేజులు రాసే ఆయనకి పంపమన్నాడు. పొలం ఇంకా మా తాతయ్య చెంచురామయ్య పేరు మీదే ఉంది. ఊళ్లో రీసర్వే మొదలైంది. సర్వే వాళ్లు వచ్చి పేర్లు రాసుకునేలోపు నాన్నా, రేపల్లెలో ఉంటున్న మా భువనేశ్వరి అత్తయ్యా తమ భాగాలు రిజిస్టరు చేయించుకోవాలి. మినుములు పీకాక ఫిబ్రవరి ఆఖర్లో పెట్టుకుందామని అన్నాచెల్లెళ్లిద్దరూ ఫోన్‌లో అనుకున్నారు. ఒకసారి రిజిస్టరైతే అదే ఖాయం.

తాతయ్య పోయి పద్దెనిమిదేళ్లయింది. పోయే ముందు తన చేత్తో ఒకే రకంగా రెండు కాగితాలు రాసి కొడుక్కొకటి, కూతురికొకటి ఇచ్చాడు. అత్తయ్యది ఎకరం ఐదు సెంట్లని నాకు ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. ఆ లెక్క ప్రకారమే ఏటా ఆమె వంతు బియ్యం, మినుములు నాన్న స్వయంగా రేపల్లె తీసుకెళ్లి, బస్తాలు తన భుజం మీదే మోసి ఇంట్లో దించి వస్తాడు. మామయ్య జబ్బు పడ్డప్పుడు గుంటూరు ఆస్పత్రిలో నలభై రోజులు నేల మీద పడుకున్నదీ, ఆయన పోయాక అత్తయ్య చేత కర్రీ పాయింట్ పెట్టించి నిలబెట్టిందీ నాన్నే. ఆమెకి మాట్లాడితే అన్నయ్య, లేస్తే అన్నయ్య.

కాగితం మీద నాలుగే వాక్యాలున్నాయి. తూర్పు పక్క 1.5 భువనేశ్వరికి. మిగిలిన పొలం వెంకట్రామయ్యకి. దొడ్డి 0.05 కూడా వెంకట్రామయ్యకి. ఇద్దరూ సఖ్యంగా ఉండవలెను.

ఫొటో తీసి పంపించేశాను. పంపించాక ఫోన్ బల్లమీద పెట్టబోతూ ఆగిపోయాను.

నెల రోజులుగా నేను చేస్తున్న పనే అది, ఎవరైనా ఒక అంకె రాస్తే వాళ్లు దేన్ని అనుకుని రాశారో తేల్చడం. తాతయ్య ఐదు సెంట్ల దొడ్డికి 0.05 అని రాశాడు. సున్నా ఎక్కడ పెట్టాలో ఆయనకి తెలుసు. అలాంటి మనిషి అదే కాగితం మీద, అదే కలంతో 1.5 అని రాశాడంటే అది ఎకరం ఐదు సెంట్లు కాదు. ఎకరంన్నర.

నలభై ఐదు సెంట్ల పొలం పద్దెనిమిదేళ్లుగా మా దగ్గర ఉండిపోయింది. ఆ నేల మీద పండిన అన్నం నేనూ తిన్నాను.

భయం వేసిందిగానీ వెంటనే ఒక దారి కనిపించింది. నాన్న కూడా ఆ పిల్లల్లాగే చదివుంటాడు. ఊరు ఊరంతా అలాగే చదువుతుంది, ఆయన మాత్రం ఎందుకు చదవడు? తెలియక జరిగిన తప్పయితే ఒక్క మాటతో సరిపోతుంది. అలా అనుకున్నా కుదురు చిక్కలేదు. ఆయన్ని నేరుగా అడిగే ధైర్యం లేదు. నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, కొత్త పాఠం పెద్దవాళ్ల మీద పరీక్షించాలని వంక పెట్టి హాల్లో ట్యాబ్ తీశాను. ముందు అమ్మ చేత చేయించాను. మా అమ్మ జయలక్ష్మి మూడు ప్రశ్నలూ ధీమాగా తప్పు చేసింది. 1.25 పెద్దదంది, ఎకరం ఐదు సెంట్లకి 1.5 అని రాసింది, గట్టు తీసుకెళ్లి మొదటి ఎకరం పక్కనే పెట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతవరకూ నేను తయారుచేసిన ఏ ప్రశ్నకైనా ఎదుటివాళ్లు ఒప్పు చేస్తే సంతోషించాను. ఆ రోజు మాత్రం మా నాన్న తప్పు చెయ్యాలని మనసులో దండాలు పెట్టుకున్నాను.

నాన్న కళ్లజోడు పెట్టుకుని ట్యాబ్ అందుకున్నాడు. మొదటి ప్రశ్నకి తడుముకోకుండా 1.5 మీద వేలు పెట్టాడు. మామూలుగా ఒప్పు చేసినవాళ్లకి మిగతా రెండూ రావు. ఆ రోజు మూడూ వచ్చేలా నేనే మార్చి పెట్టాను. రెండోది ఎకరం ఐదు సెంట్లు అంకెల్లో రాయమన్న ప్రశ్న. ఆయన ఒకటి రాసి, పాయింట్ పెట్టి, ఒక్క క్షణం ఆగాడు. తర్వాత సున్నా రాసి, పక్కన ఐదు వేశాడు. మూడోదానికి పొలం వచ్చింది. తూర్పున కాలవ ఉన్న ఆ పొలం వైపు కాసేపు చూశాడు. గట్టు పట్టుకుని తిన్నగా రెండో ఎకరం నడిమధ్యకి తీసుకెళ్లి వదిలాడు. ట్యాబ్ చప్పట్లు కొట్టి శభాష్ అంది.

ఆయన ట్యాబ్ వెంటనే ఇవ్వలేదు.

"తప్పులేమన్నా వచ్చినయ్యా?" అన్నాడు.

"లేదు నాన్నా. మూడూ రైటే."

కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆదివారం కొట్టు తియ్యడు. ఆ రోజు మాత్రం లేచి చెప్పులేసుకుని కొట్టుకి వెళ్లిపోయాడు. అమ్మ, ఆయనకి మూడూ వచ్చాయే, మరి నాకొక్కటీ రాలేదేంటని నవ్వుతూ గిన్నెలు సర్దుకుంది.

ఆయనకి ఆ సంగతి తాతయ్య కాగితం ఇచ్చిన రోజునే తెలుసో, మధ్యలో ఏనాడు తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. కావాలని చేశాడని అనుకోవడానికి మనసు రాలేదు. ఇప్పుడు తెలిసింది కాబట్టి తనే సరిచేస్తాడని ఎదురుచూశాను. పది రోజులకి దస్తావేజు చిత్తుప్రతి నా ఫోన్‌కే వచ్చింది. తూర్పు పక్క ఎకరం ఐదు సెంట్లు అని రాసుంది. నాన్నకి చూపించాను. రెండుసార్లు చదివాడు.

"బానే ఉంది. ఇట్టాగే కానియ్యమను" అన్నాడు.

అప్పటినుంచి మా ఇంట్లో ఇద్దరం ఒకచోట కూర్చోలేదు. నేను హాల్లోకొస్తే ఆయనకి పెరట్లో పని గుర్తొచ్చేది. ఆయన కొట్టునుంచి వచ్చే వేళకి నాకు ఆఫీసులో మీటింగ్ పడేది. అడగాలనుకున్న మాటలు రైల్లో, ఆటోలో, ఆఫీసు మెట్ల మీద వందసార్లు పేర్చుకున్నాను. ఆయన ఎదురుపడితే టిఫిన్ చేశావా అని మాత్రం అడగగలిగేదాన్ని. కోపం వచ్చేది, ఆ వెంటనే బస్తా మోస్తున్న ఆయన భుజం కళ్లకి కట్టేది. ఎటూ తేలేదాన్ని కాదు.

ఫిబ్రవరి మొదటి వారంలో రేపల్లెలో ఒక బడికి వెళ్లాల్సొచ్చింది. పని పన్నెండింటికల్లా అయిపోయింది. తెనాలి రైలుకి ఇంకా టైముంది. అత్తయ్య కర్రీ పాయింట్ స్టేషన్‌కి నాలుగడుగుల్లోనే. మధ్యాహ్నం రద్దీ తగ్గేదాకా పక్కనే కూర్చున్నాను. కూరల గిన్నెలు కడిగేసి, సాయంత్రానికి దొండకాయలు ముందేసుకుని ఆమె తరుగుతోంది. నాకు అన్నం పెట్టింది, చిక్కిపోయానంది. రిజిస్టరు పని కాగానే తన ఎకరం ఐదు సెంట్లలో ఈసారి జొన్న వేయించమని అన్నయ్యకి చెప్పానంది.

ఆమె అడగలేదు. నేనే సంచీలోంచి ట్యాబ్ తీసి, ఇది చేసి చూడత్తయ్యా అన్నాను. నోటితో చెప్పలేని మాట దాని చేత చెప్పించాలని తీశాను. ఆ సంగతి నాకప్పుడే తెలుసు, ఇప్పుడు కాదంటే అబద్ధమవుతుంది.

తను ఐదో క్లాసుతో సరని నవ్వుతూ చెయ్యి తుడుచుకుని మొదలుపెట్టింది. 1.25 పెద్దదంది. ఎకరం ఐదు సెంట్లకి 1.5 రాసింది. గట్టు వెంట్రుకవాసి జరిపింది. మూడూ అయ్యేసరికి యాప్ పాఠంలోకి తీసుకెళ్లింది. రెండో ఎకరం పది చెక్కలు చెయ్యమంది, చేసింది. ఐదు చెక్కలు లెక్కపెట్టమంది, పైకి లెక్కపెట్టింది. గట్టు తీసుకెళ్లి మధ్యలో పెట్టింది. మళ్లీ మొదట్నుంచి తనంతట తనే ఇంకోసారి చేసింది. శభాష్ అనగానే చిన్నపిల్లలా సంబరపడి, ఉన్నట్టుండి మాట ఆపేసింది.

"అయితే ఒకటి పాయింట్ ఐదంటే ఎకరంన్నరా?"

"అవునత్తయ్యా."

"ఐదు సెంట్లయితే మధ్యలో సున్నా ఉండాల."

"ఉండాలి."

ఆమె లేచి కొట్టు వెనకున్న ఇంట్లోకెళ్లింది. ట్రంకుపెట్టె మూత తీసిన చప్పుడు వినిపించింది. వచ్చాక దొండకాయలు ముట్టుకోలేదు. మొహంలో కోపం లేదు, చూస్తుంటే భయపడుతున్నట్టుంది.

"మీ నాన్న చేత కూడా చేయించావా ఈ లెక్క?" అంది.

అదే సమయానికి ఎవరో వచ్చి సాంబారు ఉందా అని అడిగారు. రైలు టైమైందని చెప్పి నేను దాదాపు పరిగెత్తాను. రైలు రావడానికి ఇంకా ముప్పావుగంట ఉంది. ప్లాట్‌ఫామ్ ఈ చివరనుంచి ఆ చివరకి తిరుగుతూనే ఉన్నాను.

రోజు విడిచి రోజు నాన్నకి ఫోన్ చేసే అత్తయ్య ఆ తర్వాత ఒక్కసారీ చెయ్యలేదు. నాన్న సాయంత్రం పూట ఫోన్ చేతిలో పట్టుకుని వరండాలో తిరిగేవాడు. తను మాత్రం చేసేవాడు కాదు. అమ్మ ఒకటికి రెండుసార్లు, అన్నాచెల్లెళ్లు ఏమన్నా పోట్లాడుకున్నారా అని నన్నడిగింది. మినుములు బాగా కాశాయి. పీకించి, కొట్టించి, అత్తయ్య వంతు బస్తా కట్టించాడుగానీ రేపల్లె తీసుకెళ్లలేదు. అది హాల్లో గోడవారన అలాగే ఉండిపోయింది.

మధ్యలో మా పని పూర్తయింది. పిట్టలవానిపాలెంలో ఆ ముప్ఫై నాలుగు మందిలో ఇరవై తొమ్మిది మంది తప్పు దిద్దుకున్నారు. పుష్పలత గారు ఫోన్ చేసి, పిల్లలు ఇంటికెళ్లి నాన్నలకి కూడా గట్టు జరపడం నేర్పుతున్నారని చెప్పారు. కిరీటి మిఠాయి పొట్లంతో వచ్చాడు. నలభై బడులు ఖాయమన్నాడు. నోట్లో పెట్టుకున్న మిఠాయి ఏదో కూడా నాకు తెలియలేదు.

రిజిస్టరు రోజున అమ్మ, నాన్న, నేను రైల్లో బాపట్ల వెళ్లాం. అత్తయ్య రేపల్లెనుంచి బస్సులో వచ్చింది. దస్తావేజులు రాసే ఆయన గది ముందు వరండాలో బల్ల మీద ఒక చివర ఆమె, ఇంకో చివర నాన్న కూర్చున్నారు. మధ్యలో అమ్మ కూర్చుని ఇద్దరికీ మాటలు కలపబోయి విసిగిపోయింది. రాసే ఆయన మమ్మల్ని లోపలికి పిలిచి, కళ్లజోడు సర్దుకుని, పత్రం పైకి చదవడం మొదలుపెట్టాడు. సరిహద్దులయ్యాయి. తూర్పు పక్క ఎకరం ఐదు సెంట్ల దగ్గరికొచ్చాడు.

"కాస్త ఆగండి బాబూ" అంది అత్తయ్య. చేతిసంచీలోంచి తన కాగితం తీసి, నాన్న ముందు పెట్టింది. "అన్నయ్యా, నాన్న రాసింది నువ్వొకసారి చదువు."

నాన్న కాగితం చేతిలోకి తీసుకున్నాడు. నాలుగు వాక్యాలు చదవడానికి పట్టాల్సిన టైము కంటే చాలా ఎక్కువసేపు చూశాడు.

"ఎకరంన్నర" అన్నాడు.

రాసే ఆయన మా నలుగురినీ మార్చి మార్చి చూసి, మరి మీరే ఐదు సెంట్లని చెప్పారు కదండీ అన్నాడు. తప్పు చెప్పానని, మార్చి రాయమని నాన్న అన్నాడు. కాగితం పాత మడతల ప్రకారమే మడిచి అత్తయ్య ముందు పెట్టాడు. ఆయన చేత ఆ మాట చెప్పించినందుకు ఎంత ఊరట కలిగిందో, ఆయన్ని అలా చూడటం అంత కష్టంగా ఉంది.

పొలం దక్కిందన్న సంతోషం అత్తయ్య మొహంలో ఏమీ లేదు. ఆమె అన్నగారినే చూస్తోంది.

"ఎప్పుడు తెలిసింది అన్నయ్యా నీకు?"

నాన్న నోరు తెరిచాడు. ఇప్పుడే తెలిసిందని ఒక్క మాట అనేస్తే అయిపోయేది. ఊరంతా చేసే తప్పే కాబట్టి ఎవరూ అనుమానించరు. ఆయన ఆ మాట అనలేదు, వేరే మాటా అనలేదు. తెరిచిన నోరు అలాగే మూసుకుని చేతుల వైపు చూసుకున్నాడు. అత్తయ్య నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు శ్రీజా. మీ నాన్న చేత కూడా ఆ లెక్క చేయించే ఉంటావు. ఆయనక్కూడా నాలాగే వచ్చిందా?"

ఆమెకి కావలసింది పొలం కాదని అప్పుడు బాగా అర్థమైంది. భర్త పోయినప్పటినుంచి ఆమెకంటూ ఉన్న ఒక్క మనిషి తనని మోసం చేశాడా లేదా అన్నదే అడుగుతోంది. నిజం చెబితే ఎకరంన్నరా ఆమె పేరు మీదికొస్తుంది, అన్నయ్య పోతాడు. ఎనిమిది నెలలుగా నేను చేస్తున్నదల్లా ఎవరిది ఒప్పో, ఎవరిది తప్పో, ఎందుకు తప్పో ఉన్నదున్నట్టు రాసిపెట్టడమే. దాన్లో ఒక్కదాన్నీ అటూ ఇటూ చెయ్యలేదని నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

"అవునత్తయ్యా" అన్నాను. "నాన్నకీ నీలాగే వచ్చింది. మూడూ తప్పే. చాలామందికి అట్టాగే వస్తది."

అమ్మ చటుక్కున నా వైపు చూసింది. ఆ ఆదివారం ఆమె హాల్లోనే ఉంది, మూడూ రైటని నేను చెప్పడం విన్నది. చూసింది, చీరకొంగు సర్దుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

అత్తయ్య కళ్లనీళ్లు పెట్టుకుంది, పెట్టుకుంటూనే నవ్వింది. నాన్న పక్కన చేరి ఆయన భుజం మీద గట్టిగా ఒకటి వేసింది.

"ఆ ముక్క ఫోన్ చేసి చెప్తే ఏం పోయింది అన్నయ్యా? ఇరవై రోజుల్నించీ నాకు అన్నం సయించలా, నిద్ర లేదు. ఏవేవో అనుకున్నా."

నాన్న తల ఊపాడు. పత్రం మళ్లీ తయారై, సంతకాలు, వేలిముద్రలు, ఫొటోలు అయ్యేసరికి మూడు దాటింది. అత్తయ్య మా అందరికీ హోటల్లో తనే టిఫిన్ పెట్టించింది. మినుముల బస్తా తీసుకుని ఆదివారం తప్పకుండా రమ్మని నాన్నకి నాలుగుసార్లు చెప్పి రేపల్లె బస్సెక్కింది. ఆ తర్వాత ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఎందుకలా చెప్పావని నాన్న అడుగుతాడని చాలాకాలం ఎదురుచూశాను. అడగలేదు.

ఇప్పుడు అత్తయ్య ఎకరంన్నరలో జొన్న పచ్చగా ఉంది. నాన్న ప్రతి ఆదివారం రేపల్లె వెళ్తాడు. వీలైతే నేనూ వెళ్తాను. కూరల కోసం వచ్చినవాళ్లకి అత్తయ్య నన్ను చూపించి, మా అన్నయ్య కూతురు, పిల్లలకి లెక్కలు నేర్పే యాప్ తయారుచేస్తుందని గొప్పగా చెబుతుంది. అక్కడితో ఆగదు. తనకీ మా నాన్నకీ ఆ యాప్‌లో ఒకే లెక్క తప్పొచ్చిందని, ఎంతైనా ఒక కడుపున పుట్టినవాళ్లం కదా అని మురిసిపోతూ మొదట్నుంచి కథంతా చెబుతుంది. వచ్చినవాళ్లు నవ్వుతారు. నాన్న తల దించుకుని అదంతా వింటాడు, ఆమె ఎన్నిసార్లు చెబితే అన్నిసార్లూ వింటాడు. అది అయిపోయేదాకా నా వైపు చూడడు.